మైదానంలో ఒక ఉపాధ్యాయుడు

శతాబ్ది సంచికలో దేవాలయాలు కట్టినవారిని, సువార్త ప్రకటించినవారిని స్మరించుకొనడం మనకు ఆచారం. వారితోపాటు ఒక బడిపంతులు గారిని కూడ మీకు గుర్తుచేయదలచాను. ఆయన మన సంఘస్థులు కారు, ముస్లిం సోదరులు. అయినా యౌవనస్థులను తీర్చిదిద్దడంలో ఆయన జీవితం మనకు పాఠం.

సయ్యద్ అబ్దుల్ రహీం గారు 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడి జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. తరువాత కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950 నుండి నగర పోలీసు జట్టుకు శిక్షకులు. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది.

ఆయన పద్ధతి బడిపంతులు పద్ధతే. ఆటగాని బలహీనత ఎక్కడుందో కనిపెట్టి అక్కడే సాధన చేయించేవారు. కుడికాలితో ఆడేవారికి ఎడమకాలు అలవాటు కావాలని, బలహీనమైన కాలితోనే తన్నాలనే నియమంతో పోటీలు పెట్టారు. బంతిని తనవద్దే ఉంచుకొనక తోటివానికి వెంటనే అందించడం నేర్పారు. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడ పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆయన చేతిలోనే పెద్ద ఆటగాడయ్యాడు.

రహీం గారి శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఏషియా క్రీడలలో స్వర్ణం గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. 1962 నాటికి ఆయనను ఊపిరితిత్తుల క్యాన్సర్ పీడిస్తున్నది. అయినా జట్టుతో జకార్తా వెళ్ళారు. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో తుది పోటీ. జబ్బునుండి కోలుకొన్న పీటర్ తంగరాజ్‌ను గోలులో నిలిపారు. తలకు గాయమై కుట్లుపడిన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో ఆడించారు. పి.కె.బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు చేయగా, భారతదేశం 2-1తో గెలిచింది. హిందువు, ముస్లిం, క్రైస్తవుడు, సిక్కు అనే భేదం ఆ జట్టులో కనిపించలేదు.

1963 జూన్ 11న రహీం గారు కన్నుమూశారు. ఆయన కథ 'మైదాన్' హిందీ చిత్రంగా దేశమంతటికి తెలియడానికి 2024 వరకు పట్టింది.

పౌలు భక్తుడు క్రైస్తవ జీవితాన్ని పందెపు పరుగుతో పోల్చాడు. పరుగెత్తేవానికి నేర్పేవాడొకడు ఉండాలి గదా! మన ఆత్మకూరులో సాయంకాలం బంతి వెంట పరుగెత్తే పిల్లల పేర్లు మనలో ఎందరికి తెలుసు? రెండవ శతాబ్దిలో అడుగుపెట్టే సంఘం ఆ పేర్లు తెలుసుకొనడంతో తన పని ప్రారంభించును గాక.