అర్లింగ్టన్ రో: ఉన్ని గోదాము ఇళ్ళయిన కథ

ఇంగ్లండులో పిల్లల దగ్గరికి వెళ్ళివచ్చిన మన సభ్యులు చూపించే ఫొటోల్లో ఒకటి నన్ను కట్టిపడేసింది. చిన్న ఏటి ఒడ్డున, తేనెరంగు రాతిగోడలతో, బాగా వాలుగా ఉన్న కప్పులతో ఒకదాన్నొకటి ఆనుకొని నిలబడ్డ ఇళ్ళ వరుస. గ్లోస్టర్‌షైర్‌లోని బైబరీ గ్రామంలో ఉన్న అర్లింగ్టన్ రో అది.

ఎవరో జమీందారు ముచ్చటపడి కట్టించాడనిపిస్తుంది. నిజానికి ఇవి ఇళ్ళుగా పుట్టలేదు. సుమారు 1380లో క్రైస్తవ మఠంవారు ఉన్ని నిలవ చేసుకోవడానికి కట్టిన గోదాము ఇది. ఆ రోజుల్లో కాట్స్‌వోల్డ్ కొండల గొర్రెల ఉన్నికి విదేశాల్లో మంచి గిరాకీ. 17వ శతాబ్దంలో ఆ పొడవాటి కట్టడాన్ని విడదీసి నేతగాళ్ళకు ఇళ్ళుగా మార్చారు. మన సర్వీసు భాషలో చెప్పాలంటే లైను క్వార్టర్లు! పక్కింటి గోడే మనింటి గోడ.

నేసిన ఉన్నిబట్టను దగ్గర్లోని అర్లింగ్టన్ మిల్లుకు పంపేవారు. అక్కడ నీళ్ళలో దంచితే నేత దగ్గరపడి దట్టమయ్యేది. ఆ తడిబట్టను ఇళ్ళ ముందరి పల్లపు పచ్చికలో చట్రాలమీద ఆరవేసేవారు. చట్రాన్ని వారు ర్యాక్ అంటారు కనుక ఆ పచ్చికకు ర్యాక్ ఐల్ అనే పేరు నిలిచిపోయింది.

అన్నిటికంటే చూడవలసింది కప్పు. మన పెంకుల బదులు సున్నపురాతి పలకలు. చూరు దగ్గర పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి. పలకల సందుల్లోకి వాన నీరు దిగకముందే జారిపోవాలి, అందుకే అంత వాలు. ఆ వాలు కిందనే పైగది. దానికి వెలుతురు రావడానికి కప్పులోంచి పొడుచుకువచ్చిన చిన్న కిటికీలు. ఆ ప్రాంతంలోనే స్టోన్స్‌ఫీల్డ్ వంటి చోట్ల పలకలు చీల్చే పని చలికే వదిలేవారట. తవ్వితీసిన రాయిని చలికాలమంతా తడిగా ఉంచితే, లోపలి నీరు గడ్డకట్టి ఉబ్బి, రాయి పొరలుగా విడిపోయేది. జీతం, కరువుభత్యం అడగని పనివాడు!

అమెరికా కార్ల యజమాని హెన్రీ ఫోర్డు ఈ వరుసనంతా కొని తమ దేశానికి తరలించాలని చూశాడని చెబుతారు. అది జరగలేదు. 1929లో రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ వీటిని కొన్నది; 1949లో నేషనల్ ట్రస్టు స్వాధీనం చేసుకుంది. ఫోర్డు మాత్రం ఊరుకోలేదు. ఆ దగ్గర్లోని చెడ్‌వర్త్ గ్రామంలో ఒక రాతి ఇంటిని కొని, విప్పించి, ఓడ మీద మిచిగన్‌కు చేర్చి, 1930లో మళ్ళీ కట్టించాడు. అదీ భద్రంగానే ఉంది. కాని ఏరు, మిల్లు, ఆరవేసిన పచ్చిక పక్కన లేకపోతే అర్లింగ్టన్ రో ఎందుకు అలా కట్టారో ఎవరికి అర్థమవుతుంది? నా మటుకు నాకు, ఇవి కదలకపోవడమే మేలనిపిస్తుంది.

వీటిలో ఇప్పటికీ అద్దెకుండే కుటుంబాలున్నాయి. వెళ్ళే సభ్యులకు ఒక మనవి: ఫొటోలు బాట మీద నిలబడే తీసుకోండి, కిటికీల్లోకి తొంగిచూడకండి. లోపల ఎవరో మధ్యాహ్నం కునుకు తీస్తూ ఉండవచ్చు.