తాళం వెయ్యని టెలిగ్రాం

విశాఖపట్నం వెళ్ళినవాళ్ళు రామకృష్ణా బీచిలో ఇసుక మీద నిలబెట్టిన కురుసుర జలాంతర్గామిని చూడకుండా రారు. 2002 నుంచీ అది మ్యూజియం. టిక్కెట్టు కొనుక్కుని, తల వంచుకుని ఆ ఇరుకు గదుల్లోంచి నడిచి, "అమ్మో, ఇందులో మనుషులు ఎలా వుండేవారో!" అనుకుంటూ బయటపడి, మిరపకాయ బజ్జీల బండి దగ్గరికి పోతాం. ఆ బండి దగ్గర నిలబడి సముద్రం కేసి చూస్తే, రేవుకు కాస్త దూరంలోనే నీళ్ళ అడుగున ఇంకో జలాంతర్గామి వుంది. అది మనది కాదు. దాని పేరు ఘాజీ.

నేను చెప్పబోయేది తుపాకుల గురించి కాదు, తాళాల గురించి. రహస్యాన్ని అక్షరాల్లో పెట్టి తాళం వెయ్యటం మనకు కొత్తేమీ కాదు. వాత్స్యాయనుడు స్త్రీలు నేర్వవలసినవని చెప్పిన 64 కళల్లో పూలదండలు గుచ్చటంతోపాటు 'మ్లేచ్ఛిత వికల్పం' అని ఒకటుంది. అక్షరాలు తారుమారు చేసి, తెలిసినవాళ్ళకు తప్ప బోధపడకుండా రాయటమన్నమాట. ఆ మహానుభావుడికి సంసారాల సంగతి బాగానే తెలుసు! అయితే ఈ విద్యకు పుట్టుకతోనే ఒక చిక్కుంది. తాళం వేసేవాళ్ళు ఒకచోట, తీసేవాళ్ళు మరోచోట. తాళంచెవి మాత్రం అందరి దగ్గరా వుండాలి.

ఇప్పటి పిల్లలకూ అదే చిక్కు. మా అక్క కూతురు కంప్యూటరు కంపెనీలో పనిచేస్తుంది. వాళ్ళు పదిమందీ కలిసి రాసే ప్రోగ్రాములన్నీ ఒకచోట భద్రపరుస్తారు, దాన్ని రిపాజిటరీ అంటారట. అందులో పాస్‌వర్డుల వంటి గుట్టు సంగతులుంటే, వాటి వరకూ గిట్-క్రిప్ట్ అనే తాళం వేస్తారు. ఒకరి కంప్యూటరు విండోస్, ఒకరిది లినక్స్, ఇంకొకరిది మాక్. ఎవరిది ఏదైనా సరే, చెవి చేతిలో వుంటే ఒక్క ఆజ్ఞతో తెరుచుకుంటుంది. లేనివాళ్ళకు పిచ్చిగీతలే. ఒకసారి ఇచ్చిన చెవిని మళ్ళీ వెనక్కి పుచ్చుకోవటం కుదరదు, పాత కాగితాలన్నీ దాంతో తెరుచుకుంటూనే వుంటాయి. నాకు అంతకన్నా వింతగా తోచిన సంగతి మరొకటి వుంది. ఫైలు లోపలి విషయం దాగుతుంది గాని, ఫైలు పేరు దాగదు. దాన్ని ఎవరు ఎప్పుడు మార్చారో, మార్చినప్పుడు పక్కన ఏం రాసిపెట్టారో అదీ దాగదు. ఇనప్పెట్టెకు తాళం వేసి, పైన 'నగలు' అని చీటీ అంటించినట్టు.

ఆ పైచీటీ ఎంతపని చేస్తుందో 1971లో విశాఖపట్నం చూసింది.

ఆ యేడు నవంబరు 14న ఘాజీ కరాచీ నుంచి బయలుదేరింది. దాని గురి మన విమానవాహక నౌక విక్రాంత్. బాయిలరు పాడై పూర్తి వేగంతో నడవలేని విక్రాంత్‌ను కాపాడుకోవలసిన భారం, విశాఖలో తూర్పు నౌకాదళాధిపతిగా వున్న వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ మీద పడింది. ఇంతలో చిట్టగాంగుకు పోయిన ఒక పాకిస్తానీ సందేశం మనవాళ్ళకు చిక్కింది. అందులో ఘాజీ మాటే లేదు. ఒక రకం కందెన నూనె దొరుకుతుందా అని అడిగారంతే. కాని ఆ నూనె వాడేవి రెండే రెండు, జలాంతర్గాములు, మందుపాతరలు ఏరే ఓడలు. పక్కింటావిడ తలంబ్రాల బియ్యం గురించి వాకబు చేస్తే, పెళ్ళి సంగతి వేరే చెప్పాలా!

కృష్ణన్ ఆ పాఠాన్నే తిప్పి ప్రయోగించాడు. విక్రాంత్‌ను అండమాన్ దీవుల్లో దాచి, రాజ్‌పుత్ అనే ముసలి డిస్ట్రాయరును విశాఖకు 160 మైళ్ళ దూరం పంపించి, విక్రాంత్ పేరు మీద ఎడతెరిపి లేకుండా వైర్‌లెస్ సందేశాలు పంపమన్నాడు. వినేవాడికి ఆ మాటలు అర్థం కానక్కర్లేదు. అంత సందడి పెద్ద ఓడకే వుంటుందని తోస్తే చాలు. ఊళ్ళో కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు బోలెడు పురమాయించాడు. బజారు నోరు మూతపడేది కాదని ఆయనకు తెలుసు. వీటన్నిటి పైనా ఒక టెలిగ్రాం. విక్రాంత్ మీద వున్న నావికుడొకడు, జబ్బుతో మంచాన వున్న తల్లి క్షేమం అడుగుతున్నట్టు. దానికి సంకేతం లేదు, తాళం లేదు. ఎవరైనా చదువుకోవచ్చు. ఇదంతా కృష్ణన్ తన 'నో వే బట్ సరెండర్' పుస్తకంలో స్వయంగా రాసుకున్నాడు.

నాకు ఆ టెలిగ్రాం దగ్గర మనసు ఆగిపోతుంది. యుద్ధంలో రహస్యాలు గుట్టుగా పోతాయి, కొడుకు బెంగ మాత్రం బాహాటంగా పోతుంది. అందుకే దాన్ని ఎవరూ అనుమానించరు. లేని తల్లికి లేని జబ్బు తెచ్చిపెట్టిన మనిషి, మనుషుల్ని బాగా చదివినవాడై వుండాలి. దేశం కోసం చేసిన పని, తప్పు పట్టను. కాని అది చదివితే గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

నవంబరు చివరి వారంలో కరాచీ నుంచి ఘాజీకి ఆజ్ఞ వచ్చింది. విమానవాహక నౌక రేవులో వున్నట్టు తెలుస్తున్నది, వెంటనే 'విక్టర్' ప్రాంతానికి వెళ్ళమని. విక్టర్ అంటే మన విశాఖే. మొదటి అక్షరమైనా మార్చని ముద్దుపేరు!

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక సముద్రంలో పెద్ద పేలుడు జరిగి, తీరం వెంట ఇళ్ళ కిటికీ అద్దాలు అదిరాయి. అప్పుడే రేవు దాటుతున్న రాజ్‌పుత్ నీళ్ళలోకి వదిలిన పేలుడు పదార్థాల వల్లే ఘాజీ మునిగిందని మన నౌకాదళం అంటుంది. తాను పరుస్తున్న మందుపాతరలే పేలి వుంటాయనో, లోపలే ప్రమాదం జరిగిందనో పాకిస్తాన్ అంటుంది. ఆ తగువు ఇంకా తెగలేదు. అందులో వున్న 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతకలేదు. వాళ్ళ తల్లులకు టెలిగ్రాములు వెళ్ళే వుంటాయి, అవి మాత్రం కల్పన కావు.

2024లో మన నౌకాదళం లోతు నీళ్ళలోకి దిగే తన కొత్త వాహనంతో ఘాజీ శిథిలాలను మళ్ళీ చూసింది. పోయినవాళ్ళ మీద గౌరవంతో, దాన్ని ముట్టుకోకుండా అలాగే వుంచేసింది.