చంపినవాడూ ముసల్మానే, చచ్చినవాడూ ముసల్మానే

2013 జూన్ 15. సిరియా యుద్ధం గురించి కైరోలో పెట్టిన సభలో, ఈజిప్టు అధ్యక్షుడు మోర్సీ ఎదుటే ఒక సున్నీ మతబోధకుడు షియాలను అపవిత్రులన్నాడు. మోర్సీ వారించలేదు. ఎనిమిది రోజులకే, జూన్ 23న, గీజా ప్రాంతంలోని అబూ ముసల్లం ఊళ్ళో వందలమంది ఒక ఇంటిమీద పడ్డారు. షియా మతపెద్ద హసన్ షహాతానూ మరో ముగ్గురినీ కొట్టి చంపారు. ముందు మాట వచ్చింది, వెనకే కర్ర వచ్చింది.

ఎక్కడి ఈజిప్టు, మనకేం అంటామా? 680లో కర్బలాలో చంపబడ్డ ఇమామ్ హుసేన్ పేర మన తెలుగు పల్లెల్లో సున్నీలూ, దూదేకులవాళ్ళూ, హిందువులూ కలిసి పీర్లెత్తుతారు. అది మన గొప్పే. కానీ ఈ నేలమీదే, అహ్మదీయులు ముస్లింలు కారని ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు 2012లో తీర్మానించింది. హైకోర్టు దాన్ని నిలిపివేసినా 2023లో మళ్ళీ తీర్మానించింది. తీర్మానం కర్ర కాదు, నిజమే. కర్రకి ముందు వచ్చేది మాటే కదా!

అచ్యుతాపురంలోనైనా హైదరాబాదులోనైనా, నువ్వీ దేశస్థుడివేనా అని అడిగితే మనకి ఒళ్ళు మండుతుంది. మరి, నువ్వు ముసల్మానువేనా అని పక్కవాణ్ణి నిలదీసే హక్కు మనకెవరిచ్చారు? మైనారిటీగా న్యాయం అడిగే మన గొంతు, మనలోని మైనారిటీ కోసం కూడా లేవాలి.