గాజుతొట్టిలో ఎల్లల తగవు: సిక్లిడ్ చేపల చరిత్ర

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్‌కు పోవు మార్గమున 2018 సెప్టెంబరు నుండి మెట్రో రైలు నడచుచున్నది. ఈ రెండు పేటల నడుమ, రహదారి రద్దీకి కొంచెము ప్రక్కగా, సరూర్‌నగర్ చెరువు ఉన్నది. సాగునీటికొరకు 1626లో ఏర్పరచిన చెరువది. చెరువులు తగ్గి ఇండ్లు పెరిగిన ఈ నగరములో పిల్లలు చేపను చూచునది ఎక్కువగా గాజుతొట్టిలోనే. తొట్టెలలో పెంచు పెద్ద చేపలలో ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ అనునవి ప్రసిద్ధములు. ఇవి సిక్లిడ్ అను కుటుంబమునకు చెందినవి.

వీనిని కొన్న విద్యార్థికి కొద్ది నెలలలోనే ఒక చిక్కు ఎదురగును. అంగుళము పిల్లలుగా ఉన్నప్పుడు నాలుగు చేపలు కలసిమెలసి తిరుగును. జానెడు పెరిగిన పిమ్మట ఒక ఉదయమున చూచునప్పటికి ఒకటి రెక్కలు చిరిగి మూలకు ఒదిగియుండును; మరునాటికి చచ్చి తేలును. తిండికి కరవు లేదు, నీరు తేటగానే ఉన్నది. మరి ఈ వైరమెందుకు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన చరిత్రలో మన దక్షిణదేశపు చిన్న చేప యొకటి ముఖ్యపాత్ర వహించినది.

బెర్లిను నగరమున మార్కస్ ఎలీజర్ బ్లాఖ్ అను వైద్యుడుండెను. అతడు దేశదేశముల చేపలను సేకరించి వర్ణించినవాడు. మన ఉప్పుటేరులలోను, పులికాట్ సరస్సులోను దొరకు ముత్యపు చుక్కల చేపను 1790లో వర్ణించి, సూరతు పట్టణము పేరు కలియునట్లు దానికి శాస్త్రనామము పెట్టినాడు. కేరళీయులు ప్రీతితో తిను కరిమీన్ ఇదే. 1795లో దీని చిన్న బంధువైన పసుపు చేపను కూడ వర్ణించినాడు. నేడు దీనిని ఎట్రోప్లస్ మాక్యులేటస్ అనియు, కొందరు సూడెట్రోప్లస్ అనియు పిలుచుచున్నారు. ప్రపంచమున వర్ణింపబడిన సిక్లిడ్ జాతులు 1,700కు పైగా ఉన్నను, భారతదేశమునకు స్వంతమైనవి మూడే. మిగిలినవానిలో అధికభాగము ఆఫ్రికా, దక్షిణ, మధ్య అమెరికాలకు చెందినవి.

ఆస్కార్ చరిత్ర మరియు విచిత్రమైనది. జర్మను శాస్త్రజ్ఞుడు స్పిక్స్ బ్రెజిలులో సేకరించి తెచ్చిన చేపలను, అతని మరణానంతరము లూయీ అగసీజ్ పరిశీలించినాడు. 1831లో ఆస్కారును వర్ణించుచు అతడు దానిని సముద్రపు చేపగా పొరబడినాడు! ఆమెజాన్ మంచినీటిలో పెరుగు చేప సముద్రపు చేపల జాబితాకెక్కినది. చచ్చిన చేపను సీసాలో చూచుటకును, బ్రతికిన చేపను నీటిలో చూచుటకును గల భేదమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

బ్రతికిన సిక్లిడును శ్రద్ధగా గమనించినవారికి తెలిసిన మొదటి సంగతి, ఇది గొప్ప తల్లిదండ్రి అనునది. పెక్కు చేపలు గ్రుడ్లు వదలి తమ దారిని పోవును. సిక్లిడులట్లు కాదు. కొన్ని జాతులలో ఆలుమగలు రాతిని శుభ్రపరచి, దానిపై గ్రుడ్లు పెట్టి, రెక్కలతో నీరు వీచుచు కాపలా కాయును. కొన్ని గ్రుడ్లను నోటనే దాచుకొనును. 1939లో నోబుల్, కర్టిస్ అను అమెరికను శాస్త్రజ్ఞులు రత్నచేప అను ఆఫ్రికా సిక్లిడు సంఘజీవనమును గూర్చి విపులమైన గ్రంథము ప్రకటించినారు. బిడ్డలను కాపాడవలెనన్న కొంత చోటు తనదిగా ఉండవలెను. ఆ చోటికి ఎల్ల ఉండవలెను. ఎల్ల దాటినవానిని తరుమవలెను. కనుక మనము కోపమనుకొనునది నిజమునకు సంసార రక్షణలో ఒక భాగమే. నదిలో ఓడిన చేప పారిపోవును, తగవు అంతటితో తీరును. తొట్టిలో పారిపోవుటకు చోటేది?

ఇక్కడనే మన పసుపు చేప రంగమున ప్రవేశించినది. ఆస్ట్రియా దేశీయుడైన కాన్రాడ్ లోరెంజ్ 1963లో జంతువుల కలహస్వభావమును గూర్చి ఒక గ్రంథము వ్రాసినాడు. ఒక జంటను ఒంటరిగా ఉంచినచో మగచేప తన ఆడుదానినే కొట్టి చంపవచ్చునని అందులో చెప్పినాడు. ఇరుగుపొరుగు జంటలు గాజు పలకకు ఆవల కనబడుచున్నచో కోపమంతయు వానిపైకి మళ్లి ఇంట శాంతి నెలకొనును. గాజుపై పాచి పట్టి పొరుగువాడు కనబడకపోయినచో మగచేప భార్యపై విసుగుకొనును. గాజు తుడువగనే మరల పొరుగుతగవు, ఇంట సఖ్యము! 1969లో ఆన్ రాసా అను పరిశోధకురాలు ఈ పసుపు చేపలతోనే ఒంటరి జంటల సంతానోత్పత్తిని పరిశీలించినది. 1973లో లోరెంజ్‌కు, మరి యిద్దరికి కలిపి నోబెల్ బహుమానము లభించినది. కాని కలహేచ్ఛ కుండలో నీటివలె తనంతట నిండి పొర్లునన్న అతని వాదమును అనేకులు అంగీకరింపలేదు. హార్మోనులు, పూర్వానుభవము, ఎదుటి చేప పరిమాణము మొదలగునవి కూడ కలహమును నిర్ణయించునని వారు చూపినారు.

పెంపకందార్లు ఈ పాఠమునే అనుభవమున నేర్చినారు. తొట్టిలో రెండు మూడే ఉన్నచో బలమైనది బలహీనమైనదానినే పదేపదే తరుమును. ఎక్కువ ఉన్నచో దెబ్బలు పంచబడి ఏ యొక్కదానికిని ప్రాణాంతకము కావు. క్రొత్త చేపను వదలునప్పుడు రాళ్ల అమరిక మార్చినచో పాత ఎల్లలు చెరిగి అందరును క్రొత్తవారే యగుదురు. అయితే గుంపు పెరిగినకొలది మురికి పెరుగును. చేప విసర్జించు అమ్మోనియా విషము. దానిని వడపోత పరికరమునందలి సూక్ష్మజీవులు మొదట నైట్రైటుగా, పిమ్మట నైట్రేటుగా మార్చును. నైట్రేటు పోవలెనన్న కొంత నీరు తరచుగా మార్చవలెను. కుళాయి నీటిలోని క్లోరిను పోగొట్టక పోసినచో ఆ సూక్ష్మజీవులును, చేపలును దెబ్బతినును.

ఒక చిన్న లెక్క వేయుడు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టిలో తొమ్మిది ఘనపుటడుగుల నీరు, అనగా సుమారు 255 లీటర్లు పట్టును. ఆస్కార్ ఒక అడుగు పెరుగును. అడుగు పొడవున్న చేపకు అడుగున్నర వెడల్పు, వెనుకకు తిరుగుటకు మాత్రమే చాలును. అట్టివానిని నాలుగింటిని అందుంచుట ఎంతటి ఇరుకో విద్యార్థులే చెప్పగలరు.

పెరిగిన చేపను ఏమి చేయవలెనో తోచక చెరువులో వదలువారున్నారు. ఇది దయగా కనబడును గాని ప్రమాదకరము. మొజాంబిక్ తిలాపియా కూడ సిక్లిడే. 1952లో దానిని ఆహారముకొరకు మన దేశమునకు తెచ్చినారు. గ్రుడ్లను తల్లి నోట దాచి కాచుటచే అది విపరీతముగా పెరిగి, చెరువులు నిండి, చేపలు గిడసబారినవి. 1959లోనే దాని వ్యాప్తిని అరికట్టవలెనని నిర్ణయించినను, అప్పటికే ఆలస్యమైనది. నేటికిని అది మన చెరువులను వీడలేదు. తొట్టి తలుపు తెరచుట సులభము, చెరువు తలుపు మూయుట అసాధ్యము.

కావున కొనునప్పుడే చేప ఎంత పెరుగునో అడిగి తెలిసికొనుడు. ఉంచుకొనలేనిచో దుకాణదారునకో, పెద్ద తొట్టి గలవారికో ఇచ్చివేయుడు. సరూర్‌నగర్ చెరువునకు మాత్రము ఈయకుడు. బడిలో తొట్టి యున్నచో ఉపాధ్యాయులు ఒక్క నిమిషము దాని ప్రక్కన అద్దము నిలిపి చూపి, వెంటనే తీసివేయవచ్చును. తన ప్రతిబింబముపైకి రెక్కలు విప్పి దుమికిన చేపను చూచిన పిల్లవాడు, అది దుష్టమని యనడు. దానికి చోటు చాలలేదని గ్రహించును.