ఉబ్బిన నరానికి మూడున్నర వేల ఏళ్ల వైద్యం

పలాస, సోంపేట డయాలిసిస్ కేంద్రాల్లో రోగుల చేతులు చూడండి. మణికట్టు నుంచి మోచేతి దాకా వేలిలావున ఉబ్బిన నరం కనిపిస్తుంది. దానిమీద చెయ్యి ఆనిస్తే లోపల రక్తం జుమ్మని పారడం తెలుస్తుంది. కిడ్నీ జబ్బు పీడించే ఈ ఉద్దానం ప్రాంతంలో దాన్ని చూసి ఎవరూ జడుసుకోరు. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వరు, రక్తపరీక్షకు సూది గుచ్చనివ్వరు. అదే ఉబ్బు పిక్కమీద వస్తే మాత్రం చీర కుచ్చిళ్ల చాటున, లుంగీ మడత చాటున ఏళ్లకేళ్లు ఉండిపోతుంది.

చేతి ఉబ్బు డాక్టర్లు కావాలని తెచ్చిపెట్టింది. 1965లో న్యూయార్క్‌ బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆస్పత్రిలో బ్రెషియా, సిమినో, అపెల్ బృందం మణికట్టు దగ్గర ధమనిని పక్కనున్న సిరతో కలిపి కుట్టింది. ధమనిలోని ఒత్తిడి సిరలోకి మళ్లేసరికి కొన్ని వారాల్లో సిర సాగి, గోడ మందమెక్కి, డయాలిసిస్ సూదులను తట్టుకునేలా తయారైంది. 1966లో ఈ పద్ధతి ప్రపంచానికి తెలిసింది. ఉద్దానంలో ఎన్నో ప్రాణాలు ఇవాళ ఆ ఉబ్బు మీదే ఆధారపడి ఉన్నాయి.

కాలి ఉబ్బుకూ మూలం ఒత్తిడే. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి 90 మిల్లీమీటర్ల పాదరస మట్టం దాకా ఉంటుంది. నాలుగడుగులు వేస్తే పిక్క కండ బిగిసి రక్తాన్ని పైకి నెడుతుంది, ఒత్తిడి 30 దగ్గరికి దిగుతుంది. పైకి ఎక్కిన రక్తం మళ్లీ కిందికి జారకుండా సిరల్లో పైవైపే తెరుచుకునే కవాటాలున్నాయి. ఏ గజ్జ దగ్గరి కవాటమో వదులైతే పైనున్న రక్తపు బరువంతా కింది కవాటం మీద పడుతుంది. అదీ వదులవుతుంది, ఆ తర్వాత దాని కిందిది. చివరికి చర్మం కింది సిరలు మెలికలు తిరిగి తేలతాయి. ఇవే వెరికోస్ వెయిన్స్.

ఈ కవాటాలకు పని చెప్పే బతుకులు మన దగ్గర తక్కువేం కాదు. పలాస జీడి పరిశ్రమలో గంటల తరబడి ఒకే చోట కూర్చుని పప్పు పొట్టు తీసే ఆడవాళ్లకు పిక్క కండ ఆడదు. కంచిలి, జలంత్రకోట వైపు నుంచి నగరాలకు వలసపోయి వాచ్‌మన్లుగా, హోటళ్లలో వంటవాళ్లుగా నిలువుకాళ్ల మీద పనిచేసేవాళ్లకూ అంతే. అలాగని తప్పంతా పనిదే అనలేం. తల్లిదండ్రుల నుంచి వచ్చే తత్వం, కాన్పులు, ఒళ్లు చేయడం, వయసు అన్నీ తోడవుతాయి.

జబ్బు పాతదే. క్రీస్తుపూర్వం 1550 ప్రాంతపు ఈజిప్టు వైద్య గ్రంథం ఎబర్స్ పపైరస్ పాము మెలికల్లాంటి ఈ ఉబ్బులను కోయవద్దని హెచ్చరించింది. ఏథెన్స్ అక్రోపోలిస్ పడమటి వాలున దొరికిన క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దపు రాతి ఫలకంలో ఒక మనిషి తనకంటే పెద్ద కాలిని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఆ కాలి వెంట లావుపాటి నరాన్ని శిల్పి ప్రత్యేకంగా చెక్కాడు. లైసిమాకిడీస్ అనే భక్తుడు చెల్లించిన మొక్కుబడి అది. మన సుశ్రుతుడు గ్రంథుల, అంటే కణుతుల, గురించి చెబుతూ సిరల్లో పుట్టే సిరాజ గ్రంథినీ చేర్చాడు. బలం లేనివాడు శక్తికి మించి శ్రమిస్తే వస్తుందన్నాడు. కూలి చేసుకునేవాళ్ల కాళ్లు చూశాకే ఆ మాట రాసి ఉంటాడని నాకు అనిపిస్తుంది.

రోమన్ సేనాని గాయస్ మారియస్ కథ ప్లూటార్క్ రాశాడు. రెండు కాళ్లూ నరాలు తేలి అసహ్యంగా ఉన్నాయని మారియస్ వైద్యుణ్ని పిలిపించాడు. మత్తుమందు లేని కాలం, రోగిని కట్టేసి కోసే రోజులు. మారియస్ తనను కట్టవద్దన్నాడు. ఒక కాలు చాచి, మూలుగైనా లేకుండా కోతంతా భరించాడు. వైద్యుడు రెండో కాలి దగ్గరికి రాగానే వద్దన్నాడు. ఈ మాత్రం బాగుకు అంత నొప్పి దండగ అని తేల్చేశాడు. ఏడుసార్లు కాన్సల్ అయిన మనిషి సైతం ఒక కాలితో సరిపెట్టుకున్నాడు!

అప్పటి వైద్యులు కంటికి కనిపించిన ఉబ్బునే కోశారు. పైన ఎక్కడో వదులైన కవాటం వాళ్లకు తెలియదు. పాదువాలో ఫాబ్రీసియస్ 1603లో కవాటాల మీద పుస్తకం వేశాడు గానీ, రక్తం కాళ్లలోకి మరీ వేగంగా దిగకుండా అడ్డుపడటమే వాటి పని అనుకున్నాడు. ఆయన శిష్యుడు విలియం హార్వే 1628లో లెక్క సరిచేశాడు. ఆ పరీక్ష మీరూ చేయవచ్చు. ముంజేతి మీద తేలిన నరాన్ని ఒక వేలితో నొక్కిపట్టి, రెండో వేలితో మోచేతి వైపు తుడిచి ఆ వేలు తీసేయండి. పై కవాటం దాకా నరం ఖాళీగానే ఉంటుంది. మొదటి వేలు తీస్తే కింది నుంచి నిండుతుంది. సిరలో దారి గుండె వైపుకే.

ఆ సంగతి కాలి వైద్యానికి ఎక్కడానికి ఇంకో రెండున్నర శతాబ్దాలు పట్టింది. జర్మన్ సర్జన్ ట్రెండెలెన్‌బర్గ్ 1890–91లో పిక్క జోలికి పోకుండా తొడలోని పెద్ద సఫీనస్ సిరను పైనే కట్టేశాడు. అమెరికాలో 1905 నుంచి 1907 లోపు కెల్లర్, మేయో, బాబ్‌కాక్ తలా ఒక పరికరంతో ఆ సిరను లాగిపారేసే పద్ధతులు తెచ్చారు. గజ్జ దగ్గర ఒక కోత, కింద ఇంకో కోత, మధ్యలో తీగ. దాదాపు వందేళ్లు అదే రాజ్యమేలింది. తొడంతా నల్లగా కమిలి, వారాల తరబడి మంచాన పడ్డవాళ్లను చూసిన ఊళ్లలో ఆపరేషన్ అంటే బెదురు ఊరికే రాలేదు.

1999లో స్పెయిన్ డాక్టర్ కార్లోస్ బోనే డయోడ్ లేజర్‌ను సిర లోపలికే పంపాడు. 2001లో నవారో, మిన్‌లతో కలిసి ఫలితాలు ప్రచురించాడు. 2002 జనవరిలో అమెరికా నియంత్రణ సంస్థ అనుమతించింది. మోకాలి దగ్గర సూది రంధ్రంలోంచి సన్నని ఫైబర్‌ను పంపి, దాని కొసను గజ్జ దగ్గరి సిరల కూడలికి సుమారు రెండు సెంటీమీటర్ల కింద ఆపుతారు. సిర చుట్టూ మత్తు కలిపిన చల్లని సెలైన్ ఎక్కిస్తారు. నొప్పి తెలియకుండా చేయడం, వేడి చుట్టుపక్కలకు పాకకుండా ఆపడం రెండూ దానివల్లే. లేజర్ వేస్తూ ఫైబర్‌ను మెల్లగా వెనక్కి లాగుతుంటే సిర గోడ కాలి మూసుకుపోతుంది. రోగి అదే రోజు నడిచి ఇంటికి వెళ్తాడు. మూతపడిన సిర నెలల్లో పీచులా ఎండిపోతుంది, రక్తం లోపలి సిరల దారి పడుతుంది. లేజర్‌కు బదులు రేడియో తరంగాల వేడితో మూయడం, మందు నురగ ఎక్కించడం, జిగురు పెట్టి అతికించడం కూడా ఉన్నాయి.

ఆస్పత్రుల బోర్డుల మీద లేజర్ అని పెద్దక్షరాల్లో రాస్తారు. నన్నడిగితే ఆ పెద్దక్షరాలు డాప్లర్ స్కాన్‌కు దక్కాలి. ఏ కవాటం వదిలిందో, లోతు సిరల్లో రక్తపు గడ్డ ఉందో లేదో చెప్పేది అదే. ఫైబర్ కొస ఎక్కడుందో చూపేదీ అదే. నిలబెట్టి సరిగా స్కాన్ తీయకుండా లేజర్ వేస్తే మారియస్ వైద్యుడు చేసిన పనే ఖరీదుగా చేసినట్టు. పైగా లేజర్‌కూ ఇబ్బందులున్నాయి. కమిలిన మచ్చలు, కొన్నాళ్లు తిమ్మిరి, అరుదుగా లోతు సిరలో గడ్డ. మూసిన సిర మళ్లీ తెరుచుకోవచ్చు, కొత్తది ఉబ్బవచ్చు.

లేజర్ మాట ఎత్తేముందు ఉద్దానంలో కాలు ఎందుకు వాచిందో తేలాలి. కిడ్నీ వాపు సాధారణంగా రెండు కాళ్లకూ వస్తుంది, వేలితో నొక్కితే గుంట పడుతుంది, పొద్దున్న మొహమూ ఉబ్బుతుంది. బోదకాలు ముదిరితే చర్మం దళసరెక్కి గట్టిపడుతుంది. సిరల వాపు సాయంత్రానికి పెరిగి తెల్లారేసరికి తగ్గుతుంది. లోపలి చీలమండ దగ్గర గోధుమ రంగు మచ్చ, దురద, ఆ తర్వాత మానని పుండు. ఒక్క పిక్కే హఠాత్తుగా వాచి నొప్పి పుడితే అది గడ్డ కావచ్చు, ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. బిగుతు మేజోళ్లు కూడా ఎవరికి పడితే వారికి కాదు. మన తీరంలో అడ్డపొగ చుట్ట తాగే ముసలమ్మలు, షుగరున్నవాళ్లు కాలి ధమనులు బాగున్నాయో లేదో చూపించుకున్నాకే వేసుకోవాలి.

పుండు పడ్డాక ఆగడం నష్టమే. 2018లో ప్రచురించిన బ్రిటన్ ఎవ్రా అధ్యయనంలో 450 మంది పాల్గొన్నారు. అందరికీ బిగుతు కట్టు కట్టారు. సిరను వెంటనే మూసినవాళ్లలో సగం మందికి 56 రోజుల్లో పుండు మానితే, ఆ పని వాయిదా వేసినవాళ్లలో అందుకు 82 రోజులు పట్టింది.

పుండు దాకా పోని వాళ్లు చేసేది ఇంకొకటి ఉంది. కాళ్లు బరువెక్కాయని మెడికల్ షాపులో నొప్పి బిళ్ల అడిగి వేసుకుంటారు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వదులైన కవాటాన్ని బిగించవు, బలహీనమైన కిడ్నీని మాత్రం ఇంకా కుంగదీస్తాయి. 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి తెరిచిన పలాసలో ఈ మాట కొత్త కాదు. అయినా కాలినొప్పికీ కిడ్నీకీ ముడి ఉందని చాలామందికి తట్టదు. లేజర్‌కు వెన్నులో మత్తు అక్కర్లేదు, డాప్లర్‌కు కిడ్నీని ఇబ్బందిపెట్టే రంగు మందు అక్కర్లేదు, ఆ మేరకు కిడ్నీ రోగులకు ఇది నయమైన దారి. కానీ విశాఖలోనో బరంపురంలోనో సిరల డాక్టరుకు మీ ఊరు ఉద్దానంలో ఉందని తెలియకపోవచ్చు. ఇక్కడ ఇంటింటా కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె నోటికి వచ్చు. ఆయన కాలు చూడకముందే ఆ అంకె చెప్పండి.