పాపానికి వీపు ఉండదు

పాపాన్ని ద్వేషించాలి గాని పాపిని కాదన్న మాట గాంధీజీదని చిన్నప్పటినుంచీ వింటూ వచ్చాను. ఆయన ఆత్మకథలో ఆ భావం ఉన్నమాట నిజమే. కానీ దాని వేరు అంతకు పదిహేను శతాబ్దాల వెనక, ఉత్తర ఆఫ్రికాలో కనిపించింది నాకు.

హిప్పో (నేటి అల్జీరియాలోని అన్నాబా) బిషప్పు అగస్టీన్ 423 ప్రాంతంలో మఠకన్యలకు ఒక లేఖ రాశాడు. తప్పుచేసిన సోదరిని దిద్దేటప్పుడు మనిషిపట్ల ప్రేమా, దోషంపట్ల ద్వేషమూ ఉండాలన్నాడు. కోతకు జడిసి ఒంటిమీది పుండును దాచుకునేవారిని చూసి ఊరకుండటం దయ కాదని ఆయన వాదం. ఎంత చెప్పినా వినకపోతే మఠంనుంచి పంపివేయమన్నదీ ఆ లేఖలోనే ఉంది.

ఇది ఒక ఇంటి క్రమశిక్షణ. ఇదే ప్రేమకు రాజ్యాధికారం తోడైతే?

అప్పటి ఆఫ్రికా క్రైస్తవం రెండుగా చీలి ఉంది. 303లో మొదలైన రోమన్ హింసాకాండలో పవిత్రగ్రంథాలను అధికారులకు అప్పగించిన గురువులు జరిపే సంస్కారాలు చెల్లవన్నవారు డోనాటిస్టులు. అంటే, పాపాన్ని పాపినుంచి విడదీయడానికి ఒప్పనివారు. వారిని వాదనతోనే గెలవాలని మొదట్లో అన్న అగస్టీన్, 408 ప్రాంతంలో రాసిన ఉత్తరంలో అభిప్రాయం మార్చుకున్నానన్నాడు. చక్రవర్తి చట్టాలకు భయపడి తన సొంత ఊరే దారికి వచ్చిందట! భయపెట్టడమూ ప్రేమలో భాగమేనని సమర్థించాడు. 412 నాటి చట్టం డోనాటిస్టులకు హోదానుబట్టి జరిమానాలు విధించింది. పొలానికి కట్టుబడిన కౌలురైతులకు మాత్రం దెబ్బలు.

ఇంచుమించు ఆ రోజుల్లోనే, డోనాటిస్టులు కొందరు అగస్టీన్ పక్షపు గురువు నొకరిని చంపి, మరొకరి కన్ను పెరికి, వేలు నరికారు. వారికి మరణశిక్షగాని అంగచ్ఛేదంగాని వద్దని అధికారి మార్సెల్లినస్‌ను అగస్టీన్ ఉత్తరంలో వేడుకున్నాడు. తనవాళ్ళను చంపినవారి ప్రాణాలకోసం అర్థించడం సామాన్యమా? అక్కడ చాలాసేపు ఆగిపోయాను. కానీ నిప్పూ ఇనుపకొక్కేలూ లేకుండా బెత్తపుదెబ్బలతోనే నేరం ఒప్పించినందుకు మెచ్చుకోలు కూడా ఆ ఉత్తరంలోనే ఉంది.

ఆ సూక్తి బూటకమని అనలేను. కొన్ని ప్రాణాలకోసం అది నిలబడింది. అయితే పాపానికి వీపు ఉండదు. బెత్తం పడేది మనిషిమీదే. అది ప్రేమో కాదో దెబ్బ తిన్నవాడు చెప్పాలి. డోనాటిస్టుల జవాబులు చాలామటుకు మనకు మిగిలింది అగస్టీన్ ఖండనగ్రంథాల్లోనే.