సనత్‌నగర్ నుంచి కాళ్ళకల్ దాకా: కార్ఖానా కట్టడాల చరిత్ర

మన విమర్శలో గడీకి ఒక స్థానముంది. దాని గోడల వెనక ఎంత వెట్టిచాకిరీ ఉందో, సాయుధపోరాట కాలంలో దొర పారిపోయాక అది ఎట్లా ఖాళీ అయిందో, తర్వాత ఎక్కడ పోలీసు క్యాంపుగా, ఎక్కడ బడిగా మారిందో మన రచయితలు రాశారు, మనం చర్చించాం. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటివారి కథల్లో బొగ్గుబావికీ స్థానం దొరికింది. కాని నగర శివార్లలోని పారిశ్రామికవాడను, అందులోని రేకుల షెడ్డును మనం ఇంకా చరిత్రగా చదవలేదు. ఒక కట్టడం దేనికోసం పుట్టింది, ఇప్పుడు దేనికి ఉపయోగపడుతున్నది, ఆ మార్పువల్ల ఎవరు బాగుపడ్డారు అనే మూడు ప్రశ్నలు గడీకి వేసినట్టే షెడ్డుకూ వేయాలని నా అభిప్రాయం.

హైదరాబాదులో ఈ చరిత్ర నిజాం పాలనలో మొదలవుతుంది. ఆజమాబాద్, సనత్‌నగర్ ఆనాటి పారిశ్రామికవాడలు. ఉర్దూలో 'సన్అత్' అంటే పరిశ్రమ. ఊరి పేరులోనే దాని పని ఉంది. 1942లో ఏర్పడిన ఆల్విన్ మెటల్ వర్క్స్‌లో నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి, అల్లాదీన్ కంపెనీ కలిసి పెట్టుబడి పెట్టాయి. బస్సు బాడీలు, ఇనుప బీరువాలు, తర్వాత రిఫ్రిజిరేటర్లు, 1981 నుంచి చేతిగడియారాలు ఆల్విన్ పేరుతో వచ్చాయి. ఫ్యూడల్ ప్రభువు నీడలో పెట్టుబడి పెరిగింది. దానితోపాటే కార్మికవర్గమూ పెరిగింది. మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్‌లు నాయకత్వం వహించిన కార్మికోద్యమానికి ఇట్లాంటి కార్ఖానాలే పునాది. మఖ్దూంను ప్రేమకవిగా, విప్లవకవిగా చదివే సాహిత్య విద్యార్థులు ఈ భౌతిక నేపథ్యాన్ని విస్మరించరాదు.

రెండవ దశ 1973లో పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏర్పాటుతో వచ్చింది. జీడిమెట్ల, పటాన్‌చెరు వంటిచోట్ల పొలాలు ప్లాట్లయ్యాయి. ప్రజాప్రయోజనం పేరుతో రైతు దగ్గర భూమి తీసుకుని, పరిశ్రమ పెట్టేవానికి తక్కువ ధరకు ఇచ్చారు. ఇక్కడ ప్రజాప్రయోజనం అంటే ఉత్పత్తి, పదిమందికి పని. భూమి చేతులు మారడానికి చెప్పిన న్యాయం అదొక్కటే.

ఇక షెడ్డు నిర్మాణాన్ని పరిశీలిద్దాం. యంత్రాలు పట్టాలి కనుక నడుమ స్తంభాలుండవు. వేడి పోవాలి కనుక కప్పు ఎత్తు. సరుకు లారీ లోపలికి రావాలి కనుక గేటు వెడల్పు. యంత్రం కోసం చేసిన ఈ ఏర్పాట్లే యంత్రం పోయాక గోడౌనుకు, షోరూముకు, ఫంక్షన్ హాలుకు చక్కగా సరిపోయాయి. నగరం పెరిగి చుట్టూ భూమి ధర లేచినకొద్దీ, షెడ్డులో సరుకు తయారుచేయడంకంటే షెడ్డును అద్దెకిస్తేనో అమ్మితేనో ఎక్కువ లాభమనే లెక్క యజమానికి తేలింది. ఆజమాబాద్ లీజుల రద్దు, క్రమబద్ధీకరణ కోసం 1992లో ప్రత్యేక చట్టమే చేయవలసివచ్చింది. అంటే ఈ సమస్య ప్రభుత్వానికి కొత్తది కాదు.

వాడకం మారడమే తప్పని నేననను. 1980లలో నిస్సాన్ సహకారంతో ఆల్విన్ అప్పటి మెదక్ జిల్లా జహీరాబాదులో తేలికరకం లారీల కర్మాగారం పెట్టింది. 1989లో అది మహీంద్రా చేతికి వెళ్ళింది. యజమాని మారాడు, సరుకు మారింది. అయినా అక్కడ ఇప్పటికీ వాహనాలే తయారవుతున్నాయి, శ్రమకు చోటు మిగిలింది. షెడ్డు పోయి అపార్టుమెంటు లేచినచోట మిగిలేది భూమి విలువ మాత్రమే.

2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన పారిశ్రామిక భూముల మార్పిడి విధానం ఈ ధోరణికి అధికారిక రూపం. ఔటర్ రింగురోడ్డు లోపలా, దాని పరిసరాల్లో ఉన్న సుమారు 9,292 ఎకరాల్లో నివాసాలకు, ఆఫీసులకు, ఇతర అవసరాలకు అనుమతిస్తామన్నారు. రోడ్డు వెడల్పును బట్టి భూమి రిజిస్ట్రేషన్ విలువలో 30 లేక 50 శాతం రుసుము కట్టాలి. నగరంలో కాలుష్యం తగ్గుతుందని ప్రభుత్వం అన్నది. భూములు కారుచౌకగా పోతాయని ప్రతిపక్షం విమర్శించింది. కాలుష్యం మాట అబద్ధం కాదు. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల్లో బావులు చెడి, 1990లో ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కాని ఈ వాదప్రతివాదాల్లో రెండు పేర్లు వినిపించవు. ఒకటి, మొదట భూమి ఇచ్చిన రైతు. రెండు, షెడ్డులో పనిచేసిన కార్మికుడు. మార్పువల్ల వచ్చే విలువ ప్రభుత్వానికీ ప్లాటుదారుకూ పంచబడుతున్నది. వీళ్ళకు వాటా లేదు.

నగరం వదిలిన పొగ ఎక్కడికో ఒకచోటికి పోవాలి. ఎల్దుర్తి నుంచి తూప్రాన్ మీదుగా నగరానికి పోతుంటే మనోహరాబాద్, కాళ్ళకల్ దగ్గర రోడ్డుకు రెండువైపులా షెడ్లు కనిపిస్తాయి. మా బడిలో చదివిన పిల్లలు కొందరు అక్కడ కాంట్రాక్టు పనికి పోతున్నారు. ఒకనాడు జీడిమెట్ల రైతుకు చెప్పిన న్యాయాన్నే ఈనాడు మా ప్రాంతపు రైతుకు చెబుతున్నారు. ఈ షెడ్లు కూడా రేపు ప్లాట్లు కావన్న హామీ ఏముంది?

రచయితలు ఇక్కడ దృష్టి పెట్టాలి. మూతపడిన కార్ఖానా మీద విషాదగీతం రాస్తే సరిపోదు. ఒకే భూమి పొలంగా, షెడ్డుగా, అపార్టుమెంటుగా మారిన క్రమంలో దానిమీద బతికిన మనుషులు ఏమైనారో మూడు తరాల కథగా రావాలి. విద్యార్థులు రిటైరైన కార్మికుల మాటలు ఇప్పుడే నమోదు చేయాలి. కట్టడం కూలితే దాని యజమాని దగ్గర దస్తావేజులుంటాయి. కార్మికుని దగ్గర జ్ఞాపకం తప్ప మరేమీ ఉండదు.